పస్తు పడుకోబెట్టి ఓపిక అడుగుతారా?

మన తెలుగులో ఓపిక అంటే సత్తువా, సహనమూ కూడా. పురిటి మంచం మీద ఆ రెండూ కావాలి. అవి ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో మా రోజుల్లో ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. మీకో, అమ్మాయ్, కడుపులో బిడ్డ ఈ వారం నిమ్మకాయంత, పై వారం బత్తాయంత అని ఫోనులో చూసుకోవడం తెలుసు గాని, నొప్పులొచ్చిన పూట ఏం తాగాలో తెలీదు.

నా తొలి కాన్పు 1969లో, కోనసీమలో మా పుట్టింట్లో. తెల్లవారుజామున నడుములో సన్నగా మొదలైంది. అమ్మతో చెబితే కంగారు పడలేదు సరిగదా, "ఇంకా బోలెడు పొద్దుంది, ఈ జావ తాగి ఓ కునుకు తియ్యి" అంది. ఇప్పుడైతే ఆ మొదటి నొప్పికే కారెక్కించేస్తారు. నిద్ర లేచాక వసారాలో ఆ చివర నుంచి ఈ చివరకి నడక. నొప్పొస్తే స్తంభం పట్టుకుని ముందుకు వంగడం, తగ్గితే మళ్ళీ నడక. మా మేనత్త వెనకే తిరుగుతూ నడుం నిమిరేది, పల్చటి మజ్జిగ ఓసారి, బెల్లం వేసిన రాగిజావ ఓసారి పట్టించేది. ఎనిమిది కాన్పుల మనిషి ఆవిడ. అంబాజీపేటకి కొబ్బరికాయల బేరానికి నడిచెళ్ళి నడిచొచ్చేది. ఆ చేతుల బలం ఇప్పటికీ నా నడుముకి గుర్తే.

మంత్రసాని మధ్యాహ్నం వచ్చింది. పొట్ట తడిమి చూసి, ఓ మూల కూర్చుని ఆకూ వక్కా నమిలింది. తొందరేం లేదు. "ఇప్పుడే ముక్కకు, ఊపిరి దాచుకో, తల దిగాక ఎప్పుడు ముక్కాలో నీకే తెలుస్తుంది" అంది. దీపాలు పెట్టే వేళకి, మేనత్త మెడ పట్టుకుని గొంతుక్కూర్చుని కన్నాను.

పోయినేడు నా మనవరాలి కాన్పు హైదరాబాదులో. పొద్దుటి నుంచి రాత్రి దాకా పొట్టకి పట్టీలు కట్టి వెల్లకిలా పడుకోబెట్టారు. మంచినీళ్ళ చుక్క లేదు. మమ్మల్ని తలుపు దాటనివ్వలేదు. చివరికి "తల్లికి ఓపిక లేదు, ఆపరేషన్ చేస్తాం" అన్నారు. ఎలా ఉంటుంది? గర్భసంచీ కండే కదా! ఏకాదశి ఉపవాసం చేయించి బండి లాగమన్నట్టు!

మత్తు ఇచ్చినప్పుడు తిన్నది ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుందని 1940లలో డాక్టర్లకి పట్టుకున్న భయమట ఈ పస్తు. ఇబ్బందులేమీ లేని తల్లిని తిననివ్వండి, తాగనివ్వండి, నడవనివ్వండి, తనకి కావలసిన మనిషిని పక్కన ఉండనివ్వండి అని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పిందని మనవడు చదివి వినిపించాడు. మా మేనత్త అక్షరం రాకుండానే చేసిన పనులవి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60 కాన్పులు కోతలే, ఆంధ్రలో 42. అన్నీ పస్తు వల్లేనని అనను గాని, మనసు కలుక్కుమంటుంది.

అలాగని ఇంట్లోనే కనమనడం లేదు తల్లీ. మా పిన్ని మూడో కాన్పులో రక్తం ఆగక, అమలాపురం చేరకముందే ఎడ్లబండిలోనే పోయింది. 1997-98లో కూడా దేశంలో లక్ష కాన్పులకి దాదాపు 400 మంది తల్లులు పోయేవారు. 2018-20 నాటికి మన ఆంధ్రలో ఆ లెక్క 45. మా కాలమంటే నాకెంత ప్రేమున్నా, ఆ లెక్క ముందు నోరెత్తలేను. ఆస్పత్రికే వెళ్ళు. బీపీ ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగినా, డాక్టరమ్మ తినొద్దంటే తినకు.

కానీ ఏ ఇబ్బందీ లేకపోతే పస్తెందుకు? నొప్పులు మొదట్లో ఉండగానే తిను, పడుకో. మధ్య మధ్య గుక్కెడు మజ్జిగో, కొబ్బరినీళ్ళో తాగు. నడు. నీ మాట వినే ఆడమనిషిని ఒకరిని లోపలికి రానిస్తారో లేదో ఎనిమిదో నెల్లోనే అడుగు. మా చిన్న మనవరాలికి ఇప్పుడు ఏడో నెల. రాగులు నానబెట్టి మొలకలు కట్టాను. ఎండాక పిండి ఆడించి, ఫ్లాస్కుతో సహా నేనే పట్టుకెళ్తాను.