రెండోవైపు: ఒక రఫ్ నోట్‌బుక్ ఆత్మకథ

నన్ను ఏ దుకాణంలోనూ అమ్మరు. నా మీద ధర లేదు, కంపెనీ పేరు లేదు, పేరు, తరగతి, సెక్షన్ రాసుకోవడానికి అట్ట మీద గీతలూ లేవు. హాస్టల్లో ఉండి చదువుకునే విద్యార్థి ఒకవైపే అచ్చయిన ఏ4 కాగితాలను ఏరి, మధ్యకు మడిచి, దారంతో కుట్టుకుంటే నేను పుట్టాను. లెక్కలు చేసి కొట్టేయడానికి, సూత్రాలు పదేపదే రాసి చూసుకోవడానికి, వ్యాసానికి చిత్తుప్రతి రాసుకోవడానికి పనికొస్తాను. చేతిలో డబ్బు ఆడని విద్యార్థికి సొంత చేతిపనుల్లో ఏవి మేలు చేస్తాయి, ఏవి చేయవు అనే ప్రశ్నకు నా పుట్టుకలోనే జవాబు ఉందని నా నమ్మకం. ఇప్పటికే డబ్బు పెట్టి కొని, సగమే వాడిన వస్తువులో మిగిలిన సగాన్ని వాడుకలోకి తెచ్చే పని పొదుపు. కొత్త సరుకు కొనుక్కొచ్చి చేసే పని ఎంత ముచ్చటగా ఉన్నా అది సరదా. సరదా తప్పు కాదు గానీ దాన్ని పొదుపు ఖాతాలో రాసుకోకూడదు. నా కథంతా ఈ మాటకు సాక్ష్యంగానే చెబుతాను. ఎదురొచ్చే వాదనలనూ దాటవేయను.

ముందు నా కాగితం సంగతి. తెలుగు నేల మీద రాజమండ్రిలో, సిర్పూర్ కాగజ్‌నగర్‌లో పెద్ద కాగితపు మిల్లులు ఉన్నాయి. సుబాబుల్, సరుగుడు, జామాయిల్ వంటి కర్రను ముక్కలు చేసి, రసాయనాలతో ఉడికించి, గుజ్జు తీసి, తెల్లబరిచి, పలచగా పరిచి ఆరబెడితే కాగితం తయారవుతుంది. ఆ కర్ర, ఆ నీళ్లు, ఆ కరెంటు కాగితం రెండువైపులకూ కలిపే ఖర్చవుతాయి. ఒకవైపు వాడినంత మాత్రాన సగం చెట్టు మిగలదు. కాలేజీల్లో మాత్రం అసైన్‌మెంటు ఒకవైపే రాయాలంటారు. ప్రాజెక్టు రిపోర్టు ఒకవైపే ప్రింటు తీయాలంటారు, అందులో తప్పులు దిద్దిన ప్రతిసారీ మళ్లీ కట్ట మొత్తం ప్రింటు తీయిస్తారు. జిరాక్స్ నోట్సు కూడా చాలావరకు ఒకవైపే వస్తుంది. సెమిస్టరు ముగిసేసరికి మంచం కింద ఆ కట్టలు పేరుకుంటాయి. వాటిని పాత పేపర్ల అతనికి వేస్తే కిలోల లెక్కన తూకం వేస్తాడు. చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే రకంలో ఒక ఏ4 కాగితం బరువు దాదాపు 5 గ్రాములు. అంటే 200 కాగితాలు కలిస్తే ఒక కిలో. ఆ తూకంలో రెండువైపులా నిండిన కాగితానికీ, ఒకవైపు మల్లెపువ్వులా ఉన్న కాగితానికీ ఒకటే రేటు. తెల్లగా మిగిలిన ఆ 200 పేజీలకు అక్కడ విలువ సున్నా. ఆ విలువను రాబట్టగలిగేది వాటి మీద రాసుకునే మనిషి ఒక్కరే.

నన్ను కుట్టిన తీరు కొంచెం దగ్గరగా చూడండి. 40 కాగితాలు తీసుకుని, ఒక్కొక్కదాన్ని అచ్చు లోపలికి, తెలుపు బయటికి వచ్చేలా సగానికి మడవాలి. మడత అంచు పేజీ తిప్పే వైపు ఉండాలి, విడి అంచులు రెండూ కుట్టే వైపు చేరాలి. అప్పుడు పాత అచ్చు ఆకు కడుపులో దాగిపోతుంది. బయట రెండు ముఖాలూ తెల్లగా ఉంటాయి. 40 కాగితాలకు 80 పేజీలు. చైనాలో, జపాన్‌లో ఒకవైపే అచ్చు పడిన పలచటి కాగితాలను వెనకటి రోజుల్లో ఇలాగే మడిచి పుస్తకాలు కుట్టేవారు. అక్కడ అచ్చును బయటికి ఉంచేవారు, ఇక్కడ లోపలికి తిప్పుతాం, అంతే తేడా. తర్వాత కుట్టే అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపల, సమదూరంలో గుర్తులు పెట్టుకోవాలి. కట్ట మొత్తానికి ఒకేసారి దబ్బనం దించబోతే వంకరపోతుంది. అందుకని పదేసి ఆకులకు ఒక విడతగా, మొదటి విడతనే కొలతగా పెట్టుకుని, జామెట్రీ బాక్సులోని డివైడర్ ముల్లుతో రంధ్రాలు చేసి, ఆపైన అన్నీ ఒకటిగా పేర్చి క్లిప్పులు పెట్టాలి. దారం మెస్సులోనే దొరుకుతుంది. బియ్యం బస్తా మూతి కుట్టిన దారాన్ని సరైన కొస పట్టుకుని లాగితే జరజరా మొత్తం ఊడివస్తుంది. ముప్పాతిక మీటరు చాలు. దాన్ని కొవ్వొత్తి మీద రెండుసార్లు రుద్ది లాగితే చిక్కు పడదు, రంధ్రాల్లో తేలిగ్గా జారుతుంది. పోయేటప్పుడు ఒక కుట్టు విడిచి ఒక కుట్టు, వచ్చేటప్పుడు ఆ విడిచిన చోట్ల, చివర ముడి. పైనా కిందా పాత క్యాలెండర్ అట్ట. జిగురు అక్కర్లేదు, అది ఆరేదాకా ఆగే పనీ లేదు.

నాలో లోపాలూ ఉన్నాయి. అంచు పక్కగా కుట్టిన పుస్తకం పూర్తిగా పరుచుకోదు. ఎడమ పేజీ రాస్తున్నప్పుడు కుడిపక్కను చేత్తో అదిమి పట్టుకోవాలి. కుట్టుకు అటూ ఇటూ వేలెడంత జాగా పోతుంది. గీతలు లేవు కనుక వరస వంకర పోవచ్చు. కాలేజీలో అప్పగించాల్సిన రికార్డుకూ, ఏళ్ల తరబడి దాచుకోవలసిన నోట్సుకూ నేను సరిపోను. వీటికి బదులుగా ఒక సుగుణం ఉంది. ప్రతి ఆకూ రెండు పొరలు కావడంతో ఇంకు పెన్నుతో రాసినా అవతలికి ఊరదు. నా పని ముగిశాక దారం కోసి లాగేస్తే మిగిలేదంతా కాగితమే. స్పైరల్ బైండింగులోలా ప్లాస్టిక్ చుట్టను వేరు చేయాల్సిన తంటా ఉండదు. కాగితాన్ని మళ్లీ గుజ్జు చేసిన ప్రతిసారీ దాని నార పొట్టిదవుతుంది, ఆ చక్రం ఎన్నిసార్లయినా తిరగదు. అందుకే రీసైక్లింగుకు పంపే ముందు రెండోవైపును వాడేయడం అన్ని విధాలా మేలు.

మొదటి అభ్యంతరం ధర గురించి. కొత్త నోట్‌బుక్ ఎంతని? 2025 సెప్టెంబరు 22 నుంచి నోట్‌బుక్కుల మీద 12 శాతం జీఎస్టీని కూడా పూర్తిగా ఎత్తేశారు. ఇంత చిన్న మొత్తం కోసం అరగంట కూర్చుని కుట్టుకోవడం దండగ కాదా? గంటకు ఇంత అని సంపాదించే మనిషికి ఇది నిజంగా దండగే, ఒప్పుకుంటాను. ఇంటి నుంచి వచ్చే డబ్బులతో నెల గడిపే విద్యార్థి లెక్క వేరు. అతనికి ఆ అరగంట అమ్మితే డబ్బులొచ్చే సరుకు కాదు, రాత్రి భోజనం తర్వాత కబుర్లలో గడిచిపోయే సమయం. పైగా పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు రఫ్ కాగితం ఒక పుస్తకంతో తీరదు. రోజూ లెక్కలు చేసేవాళ్లు ఎన్ని పుస్తకాలు తెచ్చుకున్నా చాలవు. ఇంకో సంగతి కూడా ఉంది. కొని తెచ్చిన తెల్లటి పేజీ మీద తప్పు రాయడానికి చెయ్యి వెనకాడుతుంది. కొట్టివేతలు కనబడితే చిన్నతనంగా తోస్తుంది. ఎలాగూ పారేయబోయిన కాగితం మీద ఆ జంకు ఉండదు. ఒకే లెక్కను మూడు దారుల్లో చేసి, రెండు కొట్టేయవచ్చు. అభ్యాసానికి కావలసింది ఆ చొరవే.

రెండో అభ్యంతరం ఫోన్లూ ట్యాబ్‌లూ వచ్చాక కాగితం ఎందుకని. ట్యాబ్ ఉన్నవాళ్లు హాయిగా వాడుకోవచ్చు, లేనివాళ్లు రఫ్ పని కోసం దాన్ని కొనడం మాత్రం పొదుపు కాదు. చేత్తో రాస్తేనే బుర్రకెక్కుతుందని చెప్పడానికి చాలామంది 2014లో అమెరికాలో మ్యుల్లర్, ఓపెన్‌హైమర్ ప్రచురించిన పరిశోధనను చూపిస్తారు. ల్యాప్‌టాప్‌లో నోట్సు తీసుకున్నవాళ్లు పాఠాన్ని మాటకు మాట దించేసి, భావానికి సంబంధించిన ప్రశ్నల్లో వెనకబడ్డారని అందులో తేలింది. అదే ప్రయోగాన్ని తర్వాత ఇతరులు మళ్లీ చేసినప్పుడు తేడా అంత స్పష్టంగా నిలవలేదు. కాబట్టి నా వాదాన్ని ఆ పరిశోధన మీద నిలబెట్టను. నా ఆధారం ఇంతకన్నా సాదాసీదాది. ఇంటర్, డిగ్రీ పరీక్షలు ఈనాటికీ కాగితం మీదే రాస్తున్నారు. ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ వంటి పరీక్షలు కంప్యూటర్ మీద జరిగినా లెక్క చేసుకోవడానికి హాల్లో రఫ్ కాగితాలే ఇస్తారు. పరీక్ష ఏ పరికరంతో ఉంటే సాధన ఆ పరికరంతో చేయడం తెలివైన పని.

మూడో అభ్యంతరం గట్టిది. సొంతంగా చేసుకోవడం పేరుతో విద్యార్థులు ఉన్న డబ్బు కూడా తగలేస్తున్నారని. ఇది చాలాసార్లు నిజం. గ్లూ గన్, రంగు టేపులు, మెరుపు కాగితాలు కొని పెన్నుల స్టాండు చేస్తే, ఖాళీ డబ్బా చేసే పనికి డబ్బులు పోసినట్టే. అందుకే ఏ పనికైనా మూడు పరీక్షలు పెట్టమంటాను. అందులో వాడే సరుకు ముందే కొన్నదీ, పారేయబోతున్నదీ అయి ఉండాలి. పనిముట్లు చేతిలో ఉన్నవో, పక్క గదిలో అడిగి తెచ్చుకోగలిగినవో కావాలి. పని చెడితే పోయేది కొద్ది సమయం మాత్రమే కావాలి. ఆన్‌లైన్‌లో తెప్పించిన వస్తువు వచ్చిన అట్టపెట్టెను కోసి, గాడులు చేసి దూర్చి చేసే పుస్తకాల స్టాండు ఈ మూడింటిలోనూ నెగ్గుతుంది. మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్స్ ప్యాంటుతో కుట్టే చేతిసంచీ నెగ్గుతుంది. ఊడిన గుండీ, తెగిన బ్యాగు పట్టీ సరేసరి. హాస్టళ్లలో రెండు బ్లేళ్లకు వైర్లు తగిలించి నీళ్లు కాచే పద్ధతి మాత్రం మూడో పరీక్షలో ఘోరంగా ఓడిపోతుంది. ప్లగ్గులో ఉన్నది 230 వోల్టులు. అక్కడ పొరపాటు జరిగితే పోయేది ప్రాణం. చిరిగిన చార్జరు తీగకు టేపు చుట్టి వాడటమూ ఆ కోవలోదే. కరెంటు, గ్యాసు, మందులు, హెల్మెట్ విషయంలో డబ్బు పెట్టి మంచి వస్తువు కొనండి. అక్కడ ఖర్చు చేయడానికి కావలసిన డబ్బును నాలాంటి చిల్లర పొదుపుల్లోంచే మిగుల్చుకోండి.

చివరి అభ్యంతరం నన్ను నిజంగా బాధపెట్టేది. లేమిని తెలివితేటలుగా పొగిడి, పేద పిల్లలను సర్దుకుపొమ్మనడానికి నన్ను సాకుగా వాడతారని. ఆ భయం న్యాయమైనదే. నా వల్ల ఫీజు తీరదు, మెస్సు బిల్లు తగ్గదు, ఆలస్యమైన స్కాలర్‌షిప్పు చేతికి రాదు. నోట్‌బుక్ కొనలేని పిల్లవాడికి నోట్‌బుక్ ఇవ్వాలి, కుట్టుకొమ్మని నీతి చెప్పకూడదు. నేను ఎవరి హక్కుకూ బదులు కాను. ఆ హక్కు అడగడానికీ, చేతిలో ఉన్న కాగితాన్ని పూర్తిగా వాడుకోవడానికీ మధ్య వైరుధ్యం లేదు. రెండూ ఒకే మనిషి చేయగలడు. నాతో కనిపిస్తే నలుగురూ పేదవాడనుకుంటారేమో అనే సిగ్గు సంగతంటారా, ఆ సిగ్గుకు మందు డబ్బున్న పిల్లలు కూడా నన్ను వాడటమే. వృథా చేయకపోవడం పేదవాళ్ల బాధ్యత మాత్రమే అయినంతకాలం అది అవమానంగానే కనిపిస్తుంది. అందరి అలవాటైతే మామూలు సంగతి అవుతుంది.

ఈ కారణంగానే నా మాట విద్యార్థులతో ఆగదు. రెండోవైపును ఖాళీగా వదిలేయమని నిబంధన పెట్టింది విద్యార్థులు కాదు. అసైన్‌మెంట్లు రెండువైపులా రాయనివ్వడానికీ, ప్రాజెక్టు రిపోర్టు తొలి ప్రతులను ఫైలు రూపంలో చూసి దిద్దడానికీ, చివరి ప్రతిని రెండువైపులా ప్రింటు తీయనివ్వడానికీ కాలేజీకి పైసా ఖర్చు లేదు. ప్రతి గ్రంథాలయంలో ఒకవైపు కాగితాల కోసం ఒక పెట్టె పెట్టి, దాని పక్కనే రెండు దబ్బనాలు, ఒక దారపుండ ఉంచవచ్చు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఆధార్ నకళ్లు, హాల్‌టికెట్లు, ఫోన్ నంబర్లున్న దరఖాస్తులు ఆ పెట్టెలో పడకూడదు. వాటిని చించి పారేయాలి. అధ్యాపకులు ఒకవైపు నిబంధన ఎత్తేస్తే నాలాంటి పుస్తకాలకు కాగితం దొరకడం తగ్గిపోతుంది. తగ్గితే నాకు సంతోషమే. వృథా అయినదాన్ని వాడుకోవడం కంటే వృథా కాకుండా చూడటం పెద్ద పొదుపు. ఆ రోజు వచ్చేదాకా మాత్రం, మీ మంచం కింది కట్టను పాత పేపర్ల అతనికి వేసే ముందు ఒక్కసారి తిరగేసి చూడండి. వచ్చే సెమిస్టరుకు కావలసిన రఫ్ పుస్తకాలకు డబ్బు మీరు ఇదివరకే కట్టేశారు.