ప్రీ-42 నత్త

దేశవాళీ పొదలు పెంచండి, సీతాకోకచిలుకలు వాటంతటవే వస్తాయని ఈమధ్య ఎవరు పడితే వాళ్లు చెబుతున్నారు. వైజాగ్ నుంచి ఫోన్లో మా అమ్మాయి, వాకింగ్‌లో తగిలే రిటైర్డ్ ఆఫీసరు గారు, ఆఖరికి గ్యాస్ బండ తెచ్చే కుర్రాడు కూడా. నత్తలు వస్తాయని మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

అండమాన్‌లోని మా డెలానీపూర్‌లో జానెడు పెరడున్నవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. రాత్రి వాన వెలిసిందా, పిడికిలంత నత్తలు గోడ దిగుతాయి. తెల్లారేసరికి లేత మొక్క ఉన్నచోట పుల్ల, పుల్ల చుట్టూ మెరిసే జిగురు చార.

ఈ నత్త పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. 1942 మార్చి 23న జపాన్ సైన్యం పోర్ట్ బ్లెయిర్‌లో దిగింది. ఆ ఏలుబడిలోనే తిండికి పనికొస్తుందని ఈ నత్తనీ దించారు. 1945లో వాళ్లు వెళ్లిపోయారు. భోజనం మిగిలిపోయింది. మా ఊళ్లో ‘ప్రీ-42’ అని ఒక గొప్ప హోదా ఉంది. 1942కి ముందే ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలది. పాపం నత్త వెంట్రుకవాసిలో తప్పిపోయింది, లేకపోతే ఈపాటికి కోటా అడిగేది. స్థానికులకిచ్చే ఐలాండర్ కార్డు మాత్రం దానికి వచ్చే ఉంటుంది. మా బావమరిది దరఖాస్తుకేమో ఆఫీసువాళ్లు తండ్రి పేరులో దీర్ఘం లేదని మళ్లీ కాగితం తెమ్మన్నారు. నత్తకి ఆ బాధ కూడా లేదు. ఆడా తనే, మగా తనే, విడతకి వందకు పైగా గుడ్లు. రేషన్ కార్డులో ‘కుటుంబ పెద్ద’ గడి దగ్గర ఏ గుమాస్తా అయినా కలం కింద పెట్టాల్సిందే. ఉప్పు చల్లండి, చస్తాయంటారు. చస్తాయి, పక్కనున్న మొక్కతో సహా.

ఇంతకీ దేశవాళీ ఏది? మా పెరట్లో కాగితం పూలూ పచ్చగన్నేరూ అమెరికా ఖండాలవి. బిళ్ళగన్నేరుది మడగాస్కర్. పూజకి కోసే బంతిది మెక్సికో. గోడమీద అరిచే గోరింకల్నీ, అడవిలో చుక్కల జింకల్నీ తెల్లదొరలు తెచ్చి వదిలారు. మా నాన్న సోంపేట నుంచి తాపీ చంకన పెట్టుకుని ఓడెక్కాడు. సోంపేట వెళితే నన్ను ‘అండమానోడు’ అంటారు. ఇక్కడేమో ‘మెయిన్‌లాండ్‌లో మీదే ఊరు?’ అని అడుగుతారు. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి చదువుకని ఓడెక్కి అక్కడే ఉండిపోయింది. దేశవాళీ మొక్కలు పెట్టమని నాకు అక్కణ్ణుంచి చెబుతోంది.

తేనె దగ్గర సీతాకోకచిలుకకి ఈ పట్టింపుల్లేవు. ఎక్కడో అమెరికా నుంచి వచ్చి అడవుల్ని మింగే లంటానా మీద కూడా హాయిగా వాలుతుంది. పట్టింపంతా దాని గొంగళికే. తన వంశం తిన్న ఆకే కావాలి, లేకపోతే పస్తే. ఇది తెలిసింది మా కరివేపాకు పొద దగ్గర.

మొదట ఆకు మీద పిట్టరెట్ట అనుకున్నాం. మర్నాడు ఆ రెట్ట నడిచింది. నాలుగు రోజులు పోయాక పచ్చగా బలిసింది. పుల్లతో తాకితే తలలోంచి ఎర్రటి కొమ్ము జాపి కంపు కొట్టింది. కామన్ మోర్మన్ అనే సీతాకోకచిలుక గొంగళి. దాని చుట్టం అండమాన్ మోర్మన్ ఈ దీవుల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు.

“ఏవండీ, మీ సీతాకోకచిలకలకి చారులోకి రెబ్బ మిగల్చమని చెప్పండి,” అంది మా ఆవిడ. అన్నదే గానీ కొమ్మ దులపలేదు.

మా పెరట్లో ఇప్పుడు రెండు కరివేపాకు పొదలున్నాయి, ఒకటి చారుకి, ఒకటి వాటికి. పక్కన నూరువరహాల గుత్తులు విచ్చాయి. ఆ జాతి మొక్కలు ఇక్కడి అడవుల్లోనూ ఉన్నాయి. సన్నటి గొట్టంలాంటి ఆ పువ్వు అడుగున తేనె ఉంటుంది. పొడుగు తొండమున్న సీతాకోకచిలుక అక్కడిదాకా అందుకోగలదు. అసలైన దీవి మొక్కలు చూడాలంటే ధనిఖారిలో బొటానికల్ సర్వేవాళ్ల తోట ఉంది.

నత్తల్ని సాయంత్రం టార్చిలైటుతో ఏరి ఉప్పునీళ్ల బకెట్లో వెయ్యండి, చేతికి తొడుగుతో. మందు మాత్రం కొట్టకండి. అది నత్తనీ గొంగళినీ కార్డు అడిగి చంపదు.