ఫ్యాను రెక్కల మీద ఊరి ప్రేమ

సంక్రాంతి వస్తే మా ఊరి సర్కారు బడికి కొత్తల్లుడి మర్యాదలు. గేటుకు ‘పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం’ ఫ్లెక్సీ. అందులో బ్యాచ్ అందరి మొహాలూ ఉంటాయి, బడి ఫొటోకే చోటు చాలదు. షామియానా, సౌండ్ బాక్సులు, మటన్ బిర్యానీ, మాస్టార్లకు శాలువాలు అయ్యాక, చేతులు కడుక్కునే వేళకు ఎవరికో గుర్తొస్తుంది: “ఒరేయ్, బడికేమైనా ఇద్దాంరా!” మిగిలిన చందాతో సీలింగ్ ఫ్యాను వస్తుంది. మూడు రెక్కల మీదా దాతల పేర్లు, హోదాలు. తిరిగితే పేర్లు కనపడవు గనక ఫొటోలు దిగేదాకా స్విచ్ వెయ్యరు.

సర్కారు బడిని బతికించుకోవాలని మైకులో గొంతు తడారేలా మాట్లాడిన పెద్దమనిషి మనవలు మాత్రం రోజూ పొద్దున్నే టౌనుకు పోయే పసుపు బస్సెక్కుతారు. వాళ్లను తప్పుపట్టలేం. బతికించమన్నారు గానీ, చేర్పించమన్నారా?

నిజానికి బడి పెత్తనం ఊరికి ఎప్పుడో రాసిచ్చేశారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు కావాలి. బడికేం కావాలో ప్రణాళిక రాయాల్సిందీ, గ్రాంటు ఎటు పోతోందో చూడాల్సిందీ వాళ్లే. మా ఊళ్లో ఈ చట్టం తు.చ. తప్పకుండా అమలవుతోంది. కమిటీ ఛైర్‌పర్సన్‌గా గెలిచింది ఒకావిడ, దండ పడింది వాళ్లాయన మెడలో. మీటింగు రోజున రిజిస్టరే పొలం గట్టు మీదికి నడిచొస్తుంది. ఆవిడ నాట్లు ఆపి, బురద చెయ్యి కొంగుకు తుడుచుకుని సంతకం పెడుతుంది. ఓసారి “ఇందులో ఏం రాశారయ్యా?” అని అడిగిందట. “మీ ఆయనకు చెప్పాంలేమ్మా” అన్నారట. తీర్మానం ఏకగ్రీవం.

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ అంతటా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు టగ్ ఆఫ్ వార్. మా వాళ్లకు ప్రాక్టీసు అక్కర్లేదు. ఊరిని రెండు పక్షాలుగా లాగడం పంచాయతీ ఎన్నికల నుంచీ అలవాటే.

ఇంత ఆత్మీయత నడుమ ఒక చిన్న సంగతి ఎవరి కంటా పడలేదు. ఆడపిల్లల బాత్రూము తలుపుకు గొళ్లెం లేదు. ఇంటర్వెల్‌లో ఒక పిల్ల లోపలికెళితే, ఇంకో పిల్ల బయట తలుపు పట్టుకుని నిలబడుతుంది. బెల్లు కొట్టేసరికి వరసలో సగం మంది మిగిలిపోతారు.

అయ్యా బ్యాచ్ మిత్రులారా, ఈసారి వాట్సాప్ గ్రూపులో చందా వసూలు కాగానే ముందు గొళ్లెం డబ్బులు తీసి పక్కన పెట్టండి. మిగిలినదాంతోనే బిర్యానీ.