మా మామ వర్కింగ్ టైంటేబుల్

మావాడి పుట్టువెంట్రుకలు తొమ్మిదో నెలలో తిరుమలలో తీయించాలనుకున్నాం. ఇప్పుడు వాడికి మూడో ఏడు నడుస్తోంది. జుట్టు కళ్లలో పడుతోందని వాళ్లమ్మ రెండు పిలకలు వేస్తోంది. వీధిలో కొత్తవాళ్లు "పాప పేరేంది?" అని అడుగుతున్నారు. ఈ మధ్యకాలమంతా ఏం జరిగిందయ్యా అంటే, మా మామ ప్రయాణానికి ప్లాను వేస్తున్నాడు.

మామ డోన్ జంక్షన్‌లో గార్డుగా చేసి రిటైరయ్యాడు. గార్డు అంటే ఒప్పుకోడు. 2022లో రైల్వేవాళ్లు ఆ కొలువు పేరును ట్రైన్ మేనేజర్ అని మార్చారు. అప్పటికే ఆయన ఇంట్లో కూర్చుని మూడేళ్లు. అయినా ఆ పేరు తనకూ వర్తిస్తుందని తేల్చేసుకున్నాడు. "అదే ఏడు డోన్‌ను కర్నూలు జిల్లాలోంచి తీసి నంద్యాల జిల్లాలో ఏసిరి గదా. అది ఒప్పుకున్నోళ్లు ఇది ఒప్పుకోడానికి ఏం?" అంటాడు. ఈ జాతి మీకు తెలియనిది కాదు. పది గంటల బస్సుకు ఏడున్నరకే స్టాండుకు పోయి, దొరికిన ప్రతి కండక్టరునూ "ఇంకా రాలేదేందబ్బా?" అని నిలదీసేవాళ్లు. నీళ్ల సీసా మూత మీద కూడా ఇంటిపేరు రాసుకునేవాళ్లు.

డోన్ మీదుగా రోజూ రాత్రి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ పోతుంది. ఎక్కి పడుకుంటే లేచేసరికి తిరుపతి. ముప్పై ఐదేళ్లు రైలు చివరి డబ్బాలో నిలబడి బతికిన మనిషికి ఈ మాట చెబితే నావైపు జాలిగా చూశాడు. "పసిబిడ్డతో రైలేంది అల్లుడా? వాడు ఏడిస్తే ఆపుతారా? కారైతే మన చేతిలో ఉంటాది." మన చేతిలో అంటే ఆయన చేతిలో.

కారుదారి 300 కిలోమీటర్ల పైచిలుకు. దానికోసం ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాడు. అట్ట మీద ఎర్ర ఇంకుతో 'వర్కింగ్ టైంటేబుల్' అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు. లోపల స్కేలు పెట్టి గీసిన గడులు: రాక, పోక, నిలుపు, కారణం. డోన్ 03:10 బయలు. ప్యాపిలి నాన్‌స్టాప్. గుత్తి, పాలు, రెండు నిమిషాలు. తాడిపత్రి, డైపర్, ఐదు నిమిషాలు. రెండు నిమిషాల్లో పాలు తాగే బిడ్డను నేనింతవరకు చూడలేదు. మావాడు సీసా మూతతోనే పావుగంట మాట్లాడతాడు.

మొదట్లో ఆలస్యానికి కారణం దారి. గుత్తి, తాడిపత్రి, ఎర్రగుంట్ల, కడప, రాజంపేట, రేణిగుంట. అంటే రైలు పోయే దారే. పట్టాలు కనబడకపోతే ఆయనకు దారి తప్పినట్టుంటుంది. ఒంటిమిట్టలో ఆగి రాములవారిని చూద్దామని అత్త కోరిక. ఆయన అక్కడ నాలుగు నిమిషాలిచ్చి, పక్కనే నందలూరులో అరగంట పెట్టాడు. ఎందుకంటే ఒకప్పుడు అక్కడ బొగ్గింజన్ల షెడ్డు ఉండేది. ఆ చోటు మనవడికి చూపించాలట. నేనేమో కడప నుంచి రాయచోటి వైపు తిరిగితే గువ్వలచెరువు పాలకోవా తినొచ్చు గదా అన్నాను. "అది బ్రాంచ్ లైను" అని కొట్టేశాడు.

దారి తేలేసరికి తొమ్మిదో నెల దాటిపోయింది. పదకొండో నెలకు నోట్‌బుక్ సిద్ధమయింది గానీ, ఆ వారమే వాడు లేచి నడవడం మొదలుపెట్టాడు. "పాకే బిడ్డకు వేసిన ప్లాను ఇది. ఇప్పుడు లోడు మారిపాయ" అని మొత్తం మళ్లీ గీశాడు. ఏడాది నిండని బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు తిరుమలలో సుపథం గుండా దర్శనం దొరుకుతుంది. ఆ అవకాశం మా కళ్లముందే అవుటర్ దాటిపోయింది. ఇక బేసి సంవత్సరం కోసం ఆగాల్సిందే. "యాగంటి బసవన్న కూడా ఈలోగా ఇంకింత పెరిగుంటాడు" అని అత్త వంటింట్లోంచి అంది.

ఆ ఆగిన కాలాన్ని మామ వృథా చేయలేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణలో 194బి అని ఒక సెక్షన్ ఉంది. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని బెల్టుతోనో, పిల్లల సీటులోనో భద్రంగా కూర్చోబెట్టకపోతే 1000 రూపాయల జరిమానా. ఆయన అది చదివి నా కారుకు పిల్లల సీటు తెప్పించాడు. ఈ ఒక్క విషయంలో నేను ఆయన పార్టీనే. చిక్కేమిటంటే వాడు ఆ సీటులో హాల్లో టీవీ ముందు గంటలు గంటలు కూర్చుంటాడు, కార్లో పెడితే విల్లులా వంగిపోతాడు. అలవాటు చేయాలని మామ దాన్ని వరండాలో పెట్టించి, వాణ్ణి అందులో కూర్చోబెట్టి, తాను ముందర నేలమీద కూర్చుని బొగ్గింజను అయ్యాడు. మోకాళ్లు అరిగిపోయి బాత్రూంలోకి పోవడానికే గోడ పట్టుకునే మనిషి, నెల రోజులపాటు రోజూ సాయంత్రం గుంతకల్లు దాకా పోయి వచ్చాడు. అప్పుడు మాత్రం ఆయన్ను ఏమీ అనబుద్ధి కాలేదు.

ఆ తర్వాత ప్యాపిలి దాకా ట్రయల్ రన్. వాడు ప్యాపిలి రాగానే, పొద్దున తిన్న ఇడ్లీని తాత ఒళ్లో ఉన్న నోట్‌బుక్ మీద అప్పజెప్పాడు. నేను కారు పక్కకు తీసి గుడ్డ వెతుకుతుంటే, మామ గడియారం చూసుకుని ఆ తడిపేజీ అంచు మీదే రాశాడు: 'ప్యాపిలి 07:42. వాంతి. రైట్ టైం.' దాంతో కారులో ఉగ్గాని బజ్జీ నిషిద్ధమయింది, పెద్దలకు కూడా. అత్త అప్పటినుంచి బొరుగుల తిరగమోత దగ్గర ఆయనతో మాట్లాడటం మానేసింది.

ఇంత ఎకసెక్కెంగా రాస్తున్నాను గానీ, నా ఫోనులో ఏముందో కూడా చెప్పాలి. మరుగుదొడ్డి శుభ్రంగా ఉండే పెట్రోలు బంకుల జాబితా ఉంది. కడపలో, రాజంపేటలో పిల్లల డాక్టర్ల నంబర్లు ఉన్నాయి. ఒక థర్మామీటరు పగిలితే ఇంకొకటి, అదీ పనిచేయకపోతే మూడోది బ్యాగులో వేశాను. మామ నోట్‌బుక్ ప్రతి పేజీనీ ఆయన చూడకుండా ఫొటో తీసి పెట్టుకున్నాను. డైపర్లు మూడు గంటలకొకటి చొప్పున లెక్కేసి, దానికి సగం అదనంగా కలిపిన లెక్క ఆయనది కాదు, నాది. మా ఆవిడ అది చూసి, "మా నాయన ఒక్కడే అనుకుంటి. ఆయనది బ్రాడ్‌గేజి, మీది మీటర్‌గేజి, అంతే తేడా" అంది.

చివరికి మొన్న శుక్రవారం ముహూర్తం కుదిరింది. బావమరిది, అంటే కళ్యాణకట్టలో బిడ్డను ఒళ్లో పెట్టుకోవాల్సిన మేనమామ, బెంగళూరులో బస్సెక్కి పడుకున్నానని రాత్రే ఫోన్ చేశాడు. తెల్లవారుజామున మూడింటికి డిక్కీలోకి మామ ఇనప్పెట్టె ఎక్కింది. గార్డుల లైన్‌బాక్స్ లాంటిదే కావాలని ప్రత్యేకంగా చేయించుకున్నాడు. నేను లోకో పైలట్. మా ఆవిడ అసిస్టెంటు. గార్డు వెనకే ఉండాలి కాబట్టి మధ్యలో ఆయన, ఒక పక్క అత్త, ఇంకో పక్క కిటికీ దగ్గర సీటులో వాడు. 03:09కి మామ జేబులోంచి ఈల తీసి ఊదాడు. వీధికుక్కలన్నీ బదులు పలికాయి. అంతవరకు తూగుతున్న మావాడు ఉలిక్కిపడి లేచి, తాత ఒళ్లో ఉన్న జెండాల్లో ఒకటి లాక్కుని కిటికీలోంచి బయటికి చాచాడు.

ఎర్రది.

పచ్చది చేతికిస్తే కింద పారేశాడు. బిస్కెట్టు ఇస్తే ఎడమచేత్తో తీసుకున్నాడు.

"మామా, పోదామా?"

"కనబడ్డంలా?"

"అది పిల్లోడు పట్టుకున్నది మామా."

"ఎవరు పట్టుకుంటే ఏంది? ముప్పై ఐదేండ్లు ఎర్రది దాటి బండి పోనీలేదు నేను."

అత్త లాగేయబోయింది. మా ఆవిడ వెనక్కి తిరిగి, "లాగితే ఏడుస్తాడు, ఏడిస్తే కక్కుతాడు" అంది. ఆ మాటతో అందరం ఆగిపోయాం. కాసేపటికి వాడి తల సీటు పక్కకు వాలింది. బిస్కెట్టు జారింది గానీ జెండా పట్టుకున్న పిడికిలి సడలలేదు. ఎర్రగుడ్డ కారు తలుపు మీద వేలాడుతోంది. నేను ఇంజను ఆపేశాను.

వెనక నుంచి కళ్లజోడు పెట్టె తెరిచిన చప్పుడయింది. మామ ఫోను వెలుగులో నోట్‌బుక్ తెరిచి, నాలుక కొసతో పెన్ను తడిపి, కారణం గడిలో రాసుకుంటున్నాడు: 'డోన్. 40 నిమిషాలు డిటెన్షన్. సిగ్నల్ నిద్రపోయినది.'