నిన్నటి యాట, నేటి అహింస

2025లో దసరా, గాంధీ జయంతి రెండూ అక్టోబరు 2నే వచ్చి తెలంగాణను ఇరకాటంలో పెట్టాయి. దసరాకేమో యాట తెగాలి, గాంధీకేమో కత్తి కదలొద్దు, సీసా మూత లేవొద్దు. పొలం కాడ మంచాలేసుకుని కూర్చున్న బంధువర్గం మాత్రం చట్టాన్ని మీరలేదు. కావలసినవన్నీ ముందురోజే తెచ్చి ఫ్రిజ్ నింపింది. "ఇయ్యాల కొన్నమా, కోసినమా? తింటున్నం, అంతే" అని పెద్దబాపు అహింసకు భాష్యం చెప్పాడు. చిన్నల్లుడిది సత్యాగ్రహం: మూలుగబొక్క పడేదాకా కంచం ముట్టడట! జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకున్నాక అసలు ముచ్చట మొదలైంది. ఈ పొలాన్ని ప్లాట్లు చేస్తే గజం ఎంత పలుకుతుంది? పంట ఎట్లుందని ఎవరూ అడగలేదు. అది కౌలుదారు చూసుకుంటాడు కదా!