మూకుడు పద్యం: టీకా తాత్పర్యం

ఆ.వె.
మూడు రాళ్ళ మీద మూకుడు నెక్కించి
యూది యూది కంట నుదక మొలుక
నడుగు మాడెనేని యది రుచి యనిపించు
వనములోన నెవడు వంక పెట్టు!

అవతారిక: కార్తిక వనభోజనాల నాడు ఉసిరిచెట్టు దాపున ఉప్పుడు పిండి వండబోయిన మా బావగారు ఆశువుగా చెప్పిన పద్యమిది. కాళిదాసుకు మల్లినాథ సూరి దొరికాడు. మా బావగారికి నేను దొరికాను.

ప్రతిపదార్థం: మూడు రాళ్ళ మీద = ఒకదానితో ఒకటి ఎత్తు కలవని మూడు రాళ్ళపై; మూకుడున్ = మా నాయనమ్మ నాటి ఇనుప మూకుడును; ఎక్కించి = ఎక్కించి, దించి, మళ్ళీ ఎక్కించి; ఊది ఊది = ఊదుగొట్టం ఇంట్లో మరిచినందున నోటితోనే ఊది; కంటన్ = కంట; ఉదకము ఒలుకన్ = నీరు కారగా; అడుగు = పిండి అడుగుభాగం; మాడెన్ ఏని = మాడినట్లయితే (మాడక తప్పదు, ‘ఏని’ అన్నది మర్యాదకు); అది = ఆ మాడే; రుచి అనిపించున్ = రుచిగా తోచును; వనములోనన్ = తోటలో; ఎవడు వంక పెట్టున్ = ఎవడు తప్పుపట్టును?

తాత్పర్యం: ఇంట్లో మాడితే రభస, తోటలో మాడితే ప్రసాదం.

విశేషాలు: ‘మూడు’: నాలుగెందుకు కాదు? మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి. అందుకే రాళ్ళు ఎగుడుదిగుడైనా మూకుడు ఒరగవచ్చు గాని ఊగదు. నాలుగో రాయి పెడితే ఊగులాట మొదలు.

‘ఉదకము’: ఇది ఉల్లిపాయ వల్ల వచ్చిన కన్నీరని మా అత్తయ్య వ్యాఖ్య. అది నిలవదు. ఈ వంటలో ఉల్లి పడదు, కార్తికంలో చాలా ఇళ్ళలో ముట్టనే ముట్టరు. దోషం పచ్చి పుల్లలది. లోపలి తడి ఆవిరయ్యేదాకా వాటి నుంచి వచ్చేది పొగే.

‘అడుగు మాడె’: ఎందుకు మాడుతుందో తెలియాలంటే ముందు వండే తీరు చెప్పాలి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో పోపు. గ్లాసు బియ్యపు రవ్వకు రెండు గ్లాసుల ఎసరు, గుప్పెడు నానిన పెసరపప్పు. ఎసరు మరిగాక రవ్వ పోసి, మండే పుల్లలు ఇవతలికి లాగేసి, నిప్పుల మీద మూతపెట్టి మగ్గించాలి. ఇనుము చప్పున చల్లారదు కనుక దించాక కూడా అడుగు వేగుతూనే ఉంటుంది. ఎర్రగా కట్టిన చెక్క కోసం పిల్లలు కొట్టుకుంటారు. నల్లబడిన చెక్కను పెద్దలు మెచ్చుకుంటూ తింటారు. ఎర్రనిది వంటవాడి నేర్పు, నల్లనిది ఆకలి ఔదార్యం.

కడపటి పాదం అర్థాంతరన్యాసం, అంటే ఒక్క మూకుడి మాడుకు లోకం మాట వత్తాసు.

‘వంక’: ఇక్కడ శ్లేష. వంక అంటే తప్పు, వంక అంటే వాగు కూడా. రెండో అర్థంలో, అడుగంటిన ఈ మూకుణ్ణి తీసుకెళ్ళి వాగులో నానబెట్టేది ఎవడు అని ప్రశ్న. కవి జవాబు చెప్పకుండా చెట్టుకింద నడుం వాల్చాడు.

మూకుడు తోమినవాడు వ్యాఖ్యాత.