‘బుజ్జి ఉంది గదా’: టీకా తాత్పర్య సహితం

మూలం: “దీపిక లేదంట గదరా! పోనీ తియ్, బుజ్జి ఉంది గదా. ఎప్పుడొచ్చినా ఫస్ట్ డే ఫస్ట్ షో మనదే.”

అవతారిక: ‘కల్కి 2898 ఏడీ’ రెండో భాగంలో దీపికా పదుకొణె ఉండబోదని నిర్మాణ సంస్థ వైజయంతీ మూవీస్ 2025 సెప్టెంబరు 18న ఎక్స్‌లో ప్రకటించింది. ఆ వార్త చెవిన పడ్డ ఒకానొక అభిమాని, చేతిలో చాయ్ చల్లారేలోగా, పక్కవాడితో అన్న మాటలివి. శోకంతో మొదలై సంకల్పంతో ముగుస్తాయి. మధ్యలో ఓదార్పుకు పట్టింది రెండు గుక్కలే.

పాఠాంతరం: ‘పోనీ తియ్’ అనేచోట ‘పోన్లే’ అనే పాఠం కూడా వినబడుతుంది. దానివల్ల అర్థం మారదు, జిల్లా మారుతుంది.

ప్రతిపదార్థం: దీపిక = (చిన్న దీపం కాదు) మొదటి భాగంలో కల్కిని గర్భాన మోసిన పాత్ర ధరించిన నటి; లేదు = రాబోయే భాగంలో కనబడదు; అంట = అని లోకం చెప్పుకుంటోంది; గద = నీకూ తెలిసే ఉండాలి; రా = ఓ మిత్రమా; పోనీ తియ్ = ఆ దుఃఖాన్ని దిగమింగు; బుజ్జి = ప్రభాస్ వేసిన పాత్ర భైరవుడి వాహనం; ఉంది గదా = ఉన్నది కనుక దిగులెందుకు; ఎప్పుడు వచ్చినా = విడుదల ఎంత ఆలస్యమైనా; ఫస్ట్ డే ఫస్ట్ షో = తొలినాటి తొలి ఆట; మనదే = మనదే.

తాత్పర్యం: తారలు రావచ్చు, పోవచ్చు. వాహనం నిలిస్తే కథ నడుస్తుంది. కథ నడవకున్నా తాను వెళ్తాడు.

విశేషాలు: మూలంలో అన్నిటికంటే బరువైన పదం ‘అంట’. ‘అట’కు ఇది వ్యావహారిక రూపం. తాను కళ్లారా చూడనిదాన్ని, ఇతరుల నోట విన్నదాన్ని చెప్పేటప్పుడు తెలుగువాడు దీన్ని చేరుస్తాడు. సినిమా వార్తలకు ఇది ప్రాణవాయువు. ‘సీక్వెల్ అంట’, ‘బడ్జెట్ పెరిగిందంట’, ‘మళ్లీ వాయిదా అంట’. చిత్రమేమంటే, దీపిక సంగతిలో సాక్షాత్తూ నిర్మాతల ప్రకటనే ఉంది, ‘అంట’తో పని లేదు. అయినా వక్త దాన్ని వాడాడు. బుజ్జి దగ్గరికొచ్చేసరికి ఎవరి ప్రకటన కోసమూ చూడకుండా ‘ఉంది’ అని తేల్చేశాడు. ప్రమాణం ఉన్నచోట సందేహం, లేనిచోట నిశ్చయం. దీన్ని ప్రమాణశాస్త్రం తప్పుపడుతుంది గానీ, అభిమానశాస్త్రంలో ఇది దోషం కాదు.

‘లేదు’, ‘ఉంది’ అనే రెండు క్రియల పొందిక కూడా గమనించదగ్గది. తెలుగులో స్త్రీవాచకానికి ఏకవచనంలో వస్తువాచకంతో సమానమైన క్రియే వస్తుంది. నటి లేదు, బండి ఉంది. వ్యాకరణం ఇద్దరినీ ఒకే వరసలో కూర్చోబెట్టింది కాబట్టి ఒకరి ఖాళీలో మరొకరిని నింపడం వక్తకు నల్లేరు మీద నడక అయింది. అదే ‘ప్రభాస్ లేడంట’ అని ఉంటే క్రియ మారేది, రసం మారేది, చాయ్ గ్లాసు కూడా పగిలేది.

‘బుజ్జి’ శబ్దం మీద కొంత ఆగాలి. తెరమీద దీని అసలు పేరు బీయూ-జేజెడ్-1. చివరి అంకెను ఆంగ్లపు ‘ఐ’ అక్షరంగా చదివితే ‘బుజ్జి’ అవుతుంది. ఇది భైరవుడి (ప్రభాస్) తోడుగా ఉండే కృత్రిమ మేధ, అతడి కారుకు ప్రాణం. గొంతు కీర్తి సురేశ్‌ది. కారు కంప్యూటర్‌లో గీసిన బొమ్మ మాత్రమే కాదు. మహీంద్రా, కోయంబత్తూరులోని జయం ఆటోమోటివ్స్ చేయి వేయగా నిజంగానే తయారైంది. ముందు రెండు భారీ చక్రాలు, వెనక గోళంలాంటి ఒక్కటి. బరువు సుమారు 6 టన్నులు. ఇంత బరువున్నదాన్ని ‘బుజ్జి’ అనడం తెలుగువాడి ముద్దు ఎంతవరకు పోగలదో చూపిస్తుంది. 2024 మే 22న రామోజీ ఫిల్మ్ సిటీలో దీన్ని జనం ముందుకు తెచ్చారు. అదే నెల 31న ప్రైమ్ వీడియోలో ‘బుజ్జి అండ్ భైరవ’ అనే రెండు భాగాల యానిమేషన్ కథ వచ్చింది. అంటే జూన్ 27న సినిమా విడుదలయ్యే నాటికే బుజ్జి టీవీలో పరిచయమైన ఇంటిపిల్ల. వక్త ధీమాకు మూలం ఇక్కడుంది.

ఇక శ్లేష. దీపిక పాత్ర పేరు ఎస్‌యూఎమ్-80. అక్షరాలు ‘సుమ్’, అంకె ‘ఎయిటీ’, కలిపితే ‘సుమతి’. ఇది సవర్ణదీర్ఘమో గుణమో తేల్చే ప్రయత్నం చేసిన వ్యాఖ్యాత అలిసిపోతాడు. కల్కిపురాణంలో శంభల గ్రామవాసి విష్ణుయశుడి భార్య, కల్కి తల్లి పేరు సుమతి. దర్శకుడు నాగ్ అశ్విన్ ఆ పేరును ప్రయోగశాల నంబరులో దాచిపెట్టాడు. మొదటి భాగం ముగిసేసరికి కల్కి ఇంకా పుట్టలేదు. ‘బుజ్జి’ అంటే తెలుగింట పసికందు అని కూడా అర్థం కదా. ఆ అర్థం తీసుకుంటే మూలం మరోలా వెలుగుతుంది: తల్లి లేదంట, పోనీ, కడుపులో బుజ్జి ఉన్నాడు గదా! రెండో భాగం రచయితల ముందున్న చిక్కు సమస్తం ఈ నాలుగు మాటల్లో ఇమిడింది. అయితే ‘ఉంది’ అనే క్రియ మగబిడ్డకు పొసగదనే ఆక్షేపణ రావచ్చు. పురిట్లో బిడ్డను ‘ఏడుస్తోంది’, ‘పాలు తాగుతోంది’ అనడం లోకంలో ఉన్నదే కనుక ఆ ఆక్షేపణ నిలవదు. వక్తకు ఈ అర్థం తోచిందా? తోచలేదు. మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయన కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు, ఆయనకు చెల్లింది. చాయ్ దుకాణపు వాక్యానికి టీక రాసేవాడు దొరికిన శ్లేషను వదులుకుంటే మిగిలేదేమీ ఉండదు.

2898 అనే సంఖ్య మూలంలో లేదు. ఐనా ‘ఎప్పుడొచ్చినా’ అనే అప్యర్థకం కాలాన్ని ప్రస్తావించింది కనుక చెప్పాలి. కథ మహాభారతంతో మొదలై 2898లో ముగుస్తుందని, వ్యవధి 6000 ఏళ్లని దర్శకుడు వివరించాడు. కలియుగారంభమని సంప్రదాయం చెప్పే క్రీ.పూ. 3102కు 2898 కలిపితే సరిగ్గా 6000. క్రీస్తుశకంలో సున్నా సంవత్సరం లేదు కాబట్టి నిజానికి 5999. ఆరువేల ఏళ్ల లెక్కలో ఒక ఏడాది తేడాను పట్టించుకునేది పంచాంగకర్తలు, టీకాకారులు మాత్రమే. సీక్వెల్ కోసం కాచుకున్నవాడికి ఏడాది తేడా అలవాటే.

‘ఫస్ట్ డే ఫస్ట్ షో’లో నాలుగూ ఆంగ్లపదాలే, సమాసం మాత్రం తెలుగుది. విడదీసి ‘ఫస్ట్ షో’ అంటే పాత వాడుకలో సాయంత్రపు ఆట. కలిపితే పొద్దున్నే లేవాల్సిన ఆట. మొదటి భాగం గురువారం నాడే వచ్చింది కనుక దీనికి శుక్రవారంతో నిత్యసంబంధం లేదు.

చివరి ‘మనదే’లో ఏకారం అవధారణార్థకం, సందేహనివారకం. ‘మాదే’ అనకుండా ‘మనదే’ అనడంలో వినేవాడూ కలిశాడు. అతడు ఒప్పుకున్నట్టు మూలంలో ఎక్కడా లేదు. టికెట్లకు డబ్బు ఎవరిదో కూడా లేదు. ‘గదరా’తో దగ్గరికి తీసుకుని ‘మన’తో ముగించిన తీరు చూస్తే, అది వినేవాడిదేనని ధ్వని.